ఫీజు కట్టాం సరే, ప్రోగ్రామింగ్ వచ్చిందా?

వెలిగండ్ల మండలం మెట్ట ప్రాంతం. వానను నమ్ముకున్న సేద్యం, కనిగిరిలో చిన్నపాటి వ్యాపారం, కాకపోతే హైదరాబాదుకో బెంగళూరుకో వలస. ఇలాంటి ఇంటి నుంచి ఒక అబ్బాయో అమ్మాయో మార్కాపురంలోనో ఒంగోలులోనో కంప్యూటర్ సైన్స్ బీటెక్‌లో చేరితే ఇల్లంతా ఆ నాలుగేళ్ల మీదే ఆశ పెట్టుకుంటుంది. దాతలైన మీ సొమ్ముతో ఫీజు కట్టేస్తే మన బాధ్యత తీరిందని మేమూ అనుకుంటూ వచ్చాం. కానీ పట్టా చేతికొచ్చాక కూడా సొంతంగా ఒక ప్రోగ్రాం రాయలేక ఇంటర్వ్యూ నుంచి తలదించుకుని వచ్చే పిల్లలున్నారు. వాళ్లకు తెలివి తక్కువై కాదు. ఈ విద్య ఎలా అబ్బుతుందో వాళ్లకూ, సాయం చేసే మనకూ తెలియకపోవడమే కారణం.

ప్రోగ్రాం అంటే యంత్రానికి వరుసగా చెప్పే లెక్క. ఆ వరుసను అల్గారిథం అంటారు. 9వ శతాబ్దంలో బాగ్దాదులో ఉన్న అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచే ఆ మాట పుట్టింది. ఆయన బీజగణిత గ్రంథంలో వారసత్వపు వాటాలు పంచే లెక్కలకు పెద్ద భాగమే ఉంది. నిత్యజీవితంలో ఎదురయ్యే లెక్కను అడుగు అడుగుగా విడదీసి చెప్పడం ఆయన పని. నేటి ప్రోగ్రామర్ పనీ అదే.

మనందరికీ తెలిసిన జకాత్ లెక్కనే తీసుకుందాం. నిసాబు 87.48 గ్రాముల బంగారం లేదా 612.36 గ్రాముల వెండి విలువ. మొత్తం అంత ఉంటే నలభయ్యో వంతు, అంటే 2.5 శాతం ఇవ్వాలి. మొదటి ఏడాది విద్యార్థి సి భాషలో దీన్ని పది పదిహేను వరుసల్లో రాయగలడు. 1ని 40తో భాగించి, వచ్చినదాన్ని మొత్తంతో గుణించమని రాస్తాడు. నడిపి చూస్తే ఎంత ఆస్తి చెప్పినా జకాత్ సున్నా అని వస్తుంది! సి భాష పూర్ణసంఖ్యను పూర్ణసంఖ్యతో భాగించేటప్పుడు దశాంశ భాగాన్ని వదిలేస్తుంది. కాబట్టి 1ని 40తో భాగిస్తే దానికి మిగిలేది సున్నాయే. యంత్రం తప్పు ఉందని కూడా చెప్పదు. 4,00,000 రూపాయలకు 10,000 రావాలని ముందే చేత్తో లెక్క వేసుకున్న విద్యార్థి మాత్రమే పట్టుకోగలడు.

మరొకటి. మొత్తం నిసాబు కంటే ‘ఎక్కువ’ ఉంటే అని రాసి, ‘సమానం’ అన్న మాట మరిచిపోతే, సరిగ్గా నిసాబు ఉన్న మనిషికి జకాత్ లేదని చెప్పేస్తుంది. పుస్తకంలోని ప్రోగ్రాం చూసి రాసినవాడికి ఈ తప్పులు ఎదురుకావు. తనంత తాను రాసి, తప్పు చేసి, దిద్దుకున్నవాడికే విద్య వంటబడుతుంది.

మన దర్జీ దుకాణంలో చూడండి. శాగిర్దు ముందు కాజాలు కుడతాడు, తర్వాత చొక్కా. వంకర పోతే ఉస్తాద్ కుట్టు విప్పించి మళ్లీ కుట్టిస్తాడు. హిఫ్జ్ చేసే పిల్లవాడు రోజూ కొత్త సబక్ అప్పజెబుతాడు, ఈ మధ్య చదివినది సబ్కీగా వినిపిస్తాడు, పాత పారాలను మంజిల్‌గా తిరగేస్తాడు. ప్రోగ్రామింగుకూ ఇదే పద్ధతి: రోజూ కొద్దిగా కొత్తది రాయడం, పోయిన వారం రాసినదాన్ని చూడకుండా మళ్లీ రాయడం, పాతదాన్ని తీసి మెరుగుపరచడం. పరీక్షకు ముందు రాత్రి చదివితే మార్కులు రావచ్చు, చేయి తిరగదు.

ఒక్క జకాత్ ప్రోగ్రాంనే నాలుగేళ్లూ పెంచవచ్చు. రెండో ఏడాది లెక్కలను ఫైలులో దాచి, సంవత్సరం నిండిందో లేదో చూసేలా చేయాలి. హిజ్రీ సంవత్సరం సుమారు 354 రోజులు కాబట్టి 365 అని రాస్తే గడువు తప్పుతుంది. మూడో ఏడాది అప్పులు తీసివేసే వీలు కల్పించి, ఇంట్లో అమ్మీ కూడా ఫోన్‌లో వాడగలిగేలా చేయాలి. ఏ రోజు ఏం మార్చాడో గిట్ అనే ఉచిత సాధనంతో నమోదు చేసుకోవాలి. నాలుగో ఏడాది నలుగురితో కలిసి ఒక పెద్ద ప్రోగ్రాంలో చిన్న తప్పు దిద్దగలగాలి. 1991లో లైనక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ అప్పటికి హెల్సింకి విశ్వవిద్యాలయంలో విద్యార్థే. మన దగ్గర హైదరాబాదులో మొదలైన ‘స్వేచ్ఛ’ ఉద్యమంలోనూ విద్యార్థులు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పనిలో చేయి కలుపుతున్నారు.

పాఠాలకు కొదవ లేదు. ఐఐటీల అధ్యాపకుల పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితం. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు. ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు కొన్ని తెలుగులోనూ దొరుకుతాయి. ఉర్దూ మాట్లాడుతూ తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషులో వచ్చే ఎర్రర్ చూసి బెదిరిపోయే పిల్లలకు ఇవి చేయూత.

కొరత రెండింటికే. ఒకటి యంత్రం. కాలేజీ ల్యాబులో వారానికి దొరికే కొద్ది గంటలు చాలవు. సెలవుల్లో వెలిగండ్ల వస్తే అవీ ఉండవు. ల్యాబు మూసేశాక హాస్టల్ గదికి చేరే ఆడపిల్లలకు సొంత యంత్రం మరీ అవసరం. నేర్చుకోవడానికి కొత్త లాప్‌టాప్ అక్కర్లేదు. 4 జీబీ మెమరీ ఉన్న పాతదానిలో తేలికపాటి లైనక్స్ వేస్తే సి, పైథాన్ హాయిగా నడుస్తాయి. మీ ఆఫీసులో మూలనపడినదాన్ని మీ వివరాలన్నీ చెరిపేసి పంపండి. జకాత్ సొమ్ముతో కొనిస్తే అర్హులైన విద్యార్థికి సొంతం చేసి ఇవ్వాలి. అందరూ వాడుకునే యంత్రాలకైతే సదఖా, ఇతర విరాళాలు ఉపయోగిద్దాం. ఏ విషయంలోనైనా ఉలమాల సలహా తీసుకుని నడుచుకుందాం.

రెండోది ఉస్తాద్. మన ప్రాంతం నుంచి వెళ్లి హైదరాబాదు, బెంగళూరు, గల్ఫ్ దేశాల్లో సాఫ్ట్‌వేర్ పని చేస్తున్న సోదర సోదరీమణులారా, వారానికి ఒక్క గంట ఇవ్వండి. ఒక విద్యార్థి రాసిన ప్రోగ్రాం చదివి, తప్పు ఎక్కడుందో వెంటనే చెప్పేయకుండా, తానే వెతుక్కునే దారి చూపండి. ఫీజు డబ్బు ఏడాదితో ఖర్చయిపోతుంది. మీరు నేర్పిన ఇల్మ్ ఆ బిడ్డ చేతిలో ఉండి, రేపు తన తమ్ముడికీ చెల్లెలికీ అందుతుంది. సదఖా జారియాకు ఇంతకంటే దగ్గరి దారి మాకు కనిపించలేదు. అల్లాహ్ మీ సహాయాన్ని స్వీకరించుగాక, ఆమీన్.