ఎకరం చెలక, ఐదు మేకలు

బర్రెను కొనాలంటే పెద్ద అప్పు చెయ్యాలి. మేకకు అంత అక్కరలేదు. పుట్టిన పిల్లల్లో సగం ఇస్తామని ఒప్పుకొని, మేకను పెంపకానికి తెచ్చుకునే వాళ్ళూ ఉన్నారు. అందుకే చిన్న కమతం ఉన్న ఇళ్ళల్లో మేకలే ఆడవాళ్ళ చేతి డబ్బు. పిల్లల పుస్తకాలైనా, జ్వరానికి మందులైనా, ఒక మేకపోతును అమ్మితే గడుస్తాయి. ఆ మేకే చచ్చిపోతే? మళ్ళీ అప్పుకు పోవాలి. కాబట్టి మేకను కొనడం కన్నా దాన్ని బతికించుకోవడం పెద్ద పని.

గొర్రె తల దించి గడ్డి మేస్తుంది. మేక తల ఎత్తి ఆకు మేస్తుంది. ముందుకాళ్ళు కొమ్మ మీద వేసి నిలబడి మరీ అందుకుంటుంది. అందువల్ల చెలకంతా గడ్డి పెంచక్కరలేదు. గట్ల మీద అవిశ, మునగ, సుబాబుల్ చెట్లు వేస్తే చాలా మేత వస్తుంది. పెద్ద మేకకు రోజుకు 3 నుంచి 4 కిలోల పచ్చిమేత కావాలి. సుబాబుల్ ఒక్కటే పెట్టకూడదు. మేతలో మూడో వంతు దాటితే వెంట్రుకలు రాలతాయి, మేక చిక్కిపోతుంది. ఆకును కింద పడెయ్యకుండా కట్టగట్టి వేలాడదీయాలి. కాళ్ళ కింద పడిన మేతను మేక ముట్టదు. దాని శుభ్రం దానిది!

జొన్న చేను దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. పూత రాని లేత జొన్నలో విషం ఉంటుంది. కోసిన మోళ్ళ నుంచి వచ్చే పిలకల్లోనూ ఉంటుంది. వాన లేక వాడిన పైరులో ఇంకా ఎక్కువ. దీన్నే నాము అంటారు. తిన్న కాసేపటికే మేక రొప్పుతుంది, పడిపోతుంది. డాక్టరు వచ్చేలోపే ప్రాణం పోవచ్చు. ఇది ఎవరి దిష్టీ కాదు, ఎవరి చేతబడీ కాదు. పూత వచ్చిందాకా జొన్నలోకి మేకను తోలకపోతే సరిపోతుంది. పెళ్ళిళ్ళలో మిగిలిన అన్నం కూడా అంతే. మేక ఆశగా తింటుంది. కడుపులో అది పులిసిపోతుంది. పొట్ట ఉబ్బి చచ్చిపోతుంది.

మేక చూడి మోసేది సుమారు 150 రోజులు, అంటే ఐదు నెలలు. పోతుతో కలిసిన రోజును పుస్తకంలో రాసుకోవాలి. జూలై 10న కలిస్తే డిసెంబరు 7 ప్రాంతంలో ఈనుతుంది. నాలుగైదు రోజులు అటూ ఇటూ కావచ్చు. తేదీ తెలిస్తే ఆ వారం మేకను దూరం తోలకుండా ఇంటికాడే ఉంచవచ్చు.

పిల్ల పుట్టగానే ముక్కు, నోరు తుడవాలి. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ రాయాలి. గంటలోపు ముర్రుపాలు తాగించాలి. కొందరు మాయ పడేదాకా పిల్లను తల్లి దగ్గరకు పోనివ్వరు. ఇది చాలా తప్పు. రోగాన్ని ఆపే శక్తి పిల్లకు ముర్రుపాలతోనే వస్తుంది. ఆలస్యమైతే ఆ శక్తి ఒంటికి పట్టదు. రెండు కిలోల పిల్లకు మొదటి రోజు 200 గ్రాములన్నా పట్టాలి. ఒక్కసారిగా కాదు, నాలుగైదు సార్లుగా.

మేకలకు పారుడు రోగం వస్తే మందే మంద పోతుంది. డాక్టర్లు దీన్ని పి.పి.ఆర్. అంటారు. మన దేశంలో దీన్ని మొదట 1987లో తమిళనాడులో గుర్తించారు. జ్వరం, కళ్ళల్లో పుసి, ముక్కు నుంచి చీమిడి, నోట్లో పుండ్లు, ఆపైన పారుడు. దీనికి టీకా ఉంది. పిల్లకు నాలుగో నెలలో వేయిస్తే మూడేళ్ళు కాపాడుతుంది. చిటుక రోగం వేరు. తొలకరికి కొత్త గడ్డి ఆబగా తిన్న మేక, నిన్న ఎగిరింది ఇవాళ చచ్చిపడి ఉంటుంది. దీని టీకా వానలకు ముందే వేయించాలి. నట్టల మందు ఎప్పుడు, ఎంత పట్టాలో పశువుల దవాఖానలో అడగాలి. మేక బరువును బట్టి మోతాదు మారుతుంది.

సంతలో కొన్న మేకను వెంటనే మందలో కలపకూడదు. మూడు వారాలు విడిగా కట్టెయ్యాలి. జబ్బు మేకను చావకముందే సంతకు తోలే వాళ్ళున్నారు. కొన్న వాళ్ళ కొట్టంలోకి ఆ రోగం పోతుంది. వాళ్ళూ మనలాంటి వాళ్ళే.

ఇక అమ్మకం. బేరగాడు వస్తాడు. పోతు నడుము మీద చెయ్యి వేసి, “పది కిలోలు కూడా పడదమ్మా” అంటాడు. చూపు లెక్కకు అమ్మితే నష్టం మనదే. మేక బరువులో దాదాపు సగం మాంసం పడుతుంది. పోతు 24 కిలోలు తూగితే 11 నుంచి 12 కిలోలు పడుతుంది. అతను చెప్పింది పది. ఆ తేడా ఒకటి, రెండు కిలోలకు ఊళ్ళో మాంసం ధర కట్టి చూడండి. అంత డబ్బు ఒక్క మాటతో పోతుంది! తోలు, తలకాయ, కాళ్ళు ఆ లెక్కలోకి రానేలేదు.

కొక్కెం ఉన్న స్ప్రింగు త్రాసు ఉంటే చాలు. గోనె సంచిని ఉయ్యాలలా కట్టి, పోతును అందులో పెట్టి తూచవచ్చు. ఒక్కరే కొనక్కరలేదు. సంఘంలో పది మంది కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. తూచిన తేదీ, బరువు పుస్తకంలో రాయాలి. బేరగాడు వచ్చినప్పుడు ఆ పేజీ తీసి అతని ముందే చదవాలి.