మీకు తెలుసా? మామిడి నీడ కూడా కంటికి మందే!

హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రికి ఉన్నది డాక్టరు పేరు కాదు, 'మిస్సమ్మ' తీసిన దర్శకుడి పేరు. అక్కినేని లక్ష్మీవరప్రసాద్ 1908లో పుట్టింది మన ఏలూరు పక్కన సోమవరప్పాడులోనే. ఆయన కుటుంబం 5 ఎకరాల స్థలం, కోటి రూపాయలు ఇస్తే 1987లో ఆ సంస్థ మొదలైంది. తెర సొమ్ము కంటికి చేరిందన్నమాట. ఆ తెరను ఎప్పుడో ఒకసారి, అదీ నేలటిక్కెట్టు దూరం నుంచి చూసేవాళ్ళం. ఇప్పటి ఫోను తెర పిల్లాడి ముక్కుకు జానెడు దూరంలో ఉంటోంది.

దాంతో ఏమవుతుందో నూజివీడు భాషలో చెప్పాలంటే, గుండ్రంగా ఉండాల్సిన కనుగుడ్డు కలెక్టరు మామిడికాయలా వెనక్కి సాగుతుంది. ఒక్క మిల్లీమీటరు ఎక్కువ సాగితే చాలు, కళ్ళజోడు పవర్ మైనస్ రెండున్నర, మూడు దాకా వెళ్తుంది. బోర్డు మీద అక్షరాలు అలుక్కుపోతాయి. ఇదే హ్రస్వదృష్టి. సాగిన గుడ్డు మళ్ళీ వెనక్కి రాదు.

తప్పంతా ఫోనుదేనా? పుస్తకాన్ని కళ్ళకు ఆనించి గంటల తరబడి చదివినా చేటే. అయితే పుస్తకం పట్టుకున్న పిల్లాడు కాసేపటికి లేచి వీధిలోకి పరిగెడతాడు, ఫోను పట్టుకున్నవాడు కదలడు. నా దృష్టిలో అసలు నష్టం అక్కడే ఉంది.

చైనాలోని గ్వాంగ్జౌలో కొన్ని బళ్ళు ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాల ఆరుబయట పీరియడ్ అదనంగా పెట్టాయి. మూడేళ్ళ తర్వాత లెక్క తీస్తే అక్కడ కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవాళ్ళు నూటికి 30 మంది. పెట్టని బళ్ళలో దాదాపు 40. ఈ ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. తైవాన్ అయితే 2010 నుంచే పిల్లలను రోజుకు 120 నిమిషాలు బయట తిప్పమంటోంది. పగటి వెలుతురు తగిలితే కంటి రెటీనాలో డోపమైన్ ఊరుతుందనీ, గుడ్డు సాగకుండా అదే అదుపు చేస్తుందనీ శాస్త్రజ్ఞుల మాట. ట్యూబులైటు గదిలో వెలుతురు కొన్ని వందల లక్సులు దాటదు. ఆరుబయట ఎండలో లక్ష దాకా ఉంటుంది. ఎండలో మాడనక్కర్లేదు, చెట్టు నీడలో ఉన్న వెలుతురైనా గదికి ఎన్నో రెట్లు.

మరి మామిడిపండు తింటే? అందులోని బీటా కెరోటిన్ ఒంట్లో విటమిన్ ఎ అవుతుంది, రేచీకటి రాకుండా కాస్తుంది. అంతవరకే. రోజుకు నాలుగు చిన్నరసాలు జుర్రినా సాగిన గుడ్డు పొట్టిబడదు.

హ్రస్వదృష్టితోనే అయిపోలేదు. మామూలుగా నిమిషానికి పదిహేనుసార్లు కొట్టుకునే రెప్ప, తెర చూస్తున్నప్పుడు సగానికి పడిపోతుంది, కళ్ళు ఎండి మండుతాయి. పెద్దవాళ్ళ తల బరువు 5 కిలోలు. దాన్ని 60 డిగ్రీలు వంచితే మెడ మోసేది 27 కిలోలని 2014 నాటి ఒక లెక్క, అంటే నిండు గంప మోసినట్టు! రాత్రిపూట తెర వెలుతురు పెద్దల కంటే పిల్లల నిద్రనే ఎక్కువ చెడగొడుతుంది. ఎందుకంటే వాళ్ళ కంటిపాప పెద్దది, కటకం తేటగా ఉంటుంది.

రెండేళ్ళలోపు పిల్లలకు తెర అసలే వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు గంట మించొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. గోరుముద్దకు ఫోను తోడు పెట్టే అమ్మమ్మలూ, ఇది మీకే!

జోడు పెడితే పవర్ పెరుగుతుందన్నది వట్టి అపోహ. జోడు వచ్చేసిన పిల్లాడికి జోడు పెట్టాల్సిందే. ఆరుబయటి వెలుతురు బాగా పనిచేసేది జోడు రాకముందే.

మామిడి కోతల కాలంలో తోటకు క్యారేజీ పట్టుకెళ్తూ పిల్లలనూ వెంటబెట్టుకుపోండి. మిట్టమధ్యాహ్నం వద్దు, పొద్దుటి పూట చాలు. కోతికొమ్మచ్చి తెలియదంటే మీరే చెట్టెక్కి చూపించండి. గట్టి కొమ్మ చూసుకుని మాత్రమే సుమా!