వాణిజ్యానికి కేటాయించిన నేల: నిర్మాణం మొదలయ్యే వరకు సాగు మాటేమిటి?

శ్రీకాళహస్తి సమీపంలోని మన్నవరంలో విద్యుత్ పరికరాల కర్మాగారానికి 2010 సెప్టెంబరు 1న నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ శంకుస్థాపన చేశారు. సుమారు 750 ఎకరాలు కేటాయించినా, తలపెట్టిన స్థాయిలో అది రూపుదిద్దుకోలేదు. ఆ ప్రాంతానికి ఆగ్నేయాన 2008లో ప్రారంభమైన శ్రీసిటీ మాత్రం పెద్ద పారిశ్రామిక కేంద్రమైంది. కేటాయించే నాడు ఏ నేల ఎంతకాలం వేచి ఉండవలసి వస్తుందో తెలియదు. విశాఖపట్నం–చెన్నై పారిశ్రామిక కారిడార్‌లో శ్రీకాళహస్తి–ఏర్పేడు ప్రాంతమూ ఉన్నందున ఈ విషయం మనకు మరింత ముఖ్యం.

బృహత్ ప్రణాళికలో ఒక సర్వే నంబరు వాణిజ్య మండలంగా గుర్తింపబడినంత మాత్రాన యాజమాన్యం మారదు. అయినా సాగు సన్నగిల్లుతుంది. తోతాపురి అంటు నాటితే కాపునకు నాలుగైదేళ్లు పడుతుంది. రేపు అమ్ముడుపోయే పొలంలో దానిని ఎవరు నాటుతారు? బోరుకు, బిందు సేద్యానికి పెట్టుబడి పెట్టరు. కౌలుకివ్వడానికీ జంకుతారు. చేతులు మారిన పొలాల్లో గట్లు చదునై సరిహద్దు రాళ్లు లేస్తాయి. మన ఎర్ర గరప నేలల్లో సేంద్రియ కర్బనం అసలే తక్కువ. పైరు లేని నేలపై కురిసిన జడివాన పైమట్టిని కోసుకుపోతుంది. మిగిలిన చోట సర్కారు తుమ్మ అల్లుకుంటుంది.

ఇంతకన్నా పెద్ద నష్టం చెరువులకు. ఇక్కడి చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు మొరవ పారితే ఆ నీరు వంక వెంట కింది చెరువుకు చేరుతుంది. మధ్యలో వంక పూడితే, వాణిజ్య మండలానికి ఆవలనున్న కింది ఆయకట్టు ఎండుతుంది. ఆ రైతుకు నోటీసూ రాదు, పరిహారమూ రాదు.

2013 నాటి కేంద్ర భూసేకరణ చట్టం 10వ సెక్షన్ బహుళ పంటల సాగునీటి భూములకు ప్రత్యేక రక్షణ కల్పించింది. వర్షాధారంగా ఒకే పంట పండే మన మెట్టకు ఆ రక్షణ వర్తించదు. పైగా అది సేకరణకు సంబంధించిన చట్టం; ప్రణాళికలో మండలాల గుర్తింపు వేరు.

కనుక నిర్మాణం మొదలయ్యే వరకు స్వల్పకాలిక పంటలకు ప్రణాళికలోనే చోటు కల్పించడం అవసరం. వర్షాధార వేరుశనగ 105–110 రోజుల్లో చేతికి వస్తుంది. ఆలస్యమైతే ఉలవ ఉంది, పశుగ్రాస జొన్న ఉంది. ఒక పంటకాలం ముందుగా నోటీసు ఇస్తే నిర్మాణానికి ఆటంకం ఉండదు. కౌలుదారుకు వ్రాతపూర్వక ఒప్పందం ఉండాలి. లేనిచో పంటరుణం అందడం కష్టం. తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ పటంలో మండలాల సరిహద్దులు గీయకముందే వంకలను, మొరవలను క్షేత్రస్థాయిలో గుర్తించాలి. ఆ పనికి నీటిపారుదల సిబ్బందితోపాటు కింది ఆయకట్టు రైతులనూ పిలవాలి. ఏ వంక ఎటు పారుతుందో వారికి తెలుసు.