దేవదాసు గ్లాసు కాదండోయ్!

గ్లాసనగానే 'దేవదాసు' (1953) అక్కినేని దిగులు మొహమే మనకు గుర్తు! అన్నంతోపాటు రుచి చూసే హీరో అరుదు.

మొన్న పుంగనూరులో మా అత్త ఇంట్లో, కుప్పం నుంచొచ్చిన బావ ఆస్ట్రేలియా షిరాజ్ సీసా మూత తిప్పాడు. రాగిసంగటి, నాటుకోడి పులుసు తిని ఒక గుక్క వేశానో లేదో... నోరంతా మంట! మిరప ఘాటును ఆల్కహాలు ఎగదోస్తుంది మరి. మదనపల్లె టమాటాలేసి, కారం తగ్గించి వండిన వేటకూరతో మాత్రం... ఆహా! ద్రాక్షతొక్కల వగరును మాంసం మెత్తబరిచింది.

2022 డిసెంబర్ 29న అమల్లోకొచ్చిన ఒప్పందంతో, 5-15 డాలర్ల ఆస్ట్రేలియా సీసాపై దిగుమతి సుంకం 150 నుంచి 100 శాతానికి దిగింది. "సుంకం తగ్గిందిగా, ఇంకో గ్లాసు!" అన్నాను.

అత్త మాట్లాడలేదు. తాగుడుకు తమ్ముణ్ణి... అంటే మా నాన్నను... పోగొట్టుకున్న మనిషి. ఆ చూపు చూసి బావ మూత బిగించేశాడు.

రుచి అక్కడే ఆగింది. ఆగాల్సిందీ అక్కడే!