ఎవరి ప్యాకెట్ ఏ లైన్లో?

కింద జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు. పైన పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్ల రీడింగ్ హాలు. రెండింటికీ ఓనరు ఒకరే. ఉస్మానియా యూనివర్సిటీ పక్కనే కాబట్టి, సీతాఫల్‌మండిలో ఇలాంటి బిల్డింగును ఊహించుకోవడం కష్టం కాదు. సాయంత్రమైతే పైన వీడియో క్లాసులు మొదలవుతాయి, కింద ఫీజు కట్టే పేజీ తిరుగుతూనే ఉంటుంది. విసిగిపోయిన ఓనరు రెండో ఇంటర్నెట్ లైను తీసుకుని అదే రౌటర్‌కి తగిలిస్తాడు. ఏమీ మారదు.

ఎందుకు మారదు?

ప్యాకెట్ వస్తే రౌటర్ చూసేది ఎక్కడికి పోవాలో మాత్రమే. ఎవరు పంపారో దానికి పట్టదు. దాని రౌటింగ్ టేబుల్లో లోపలి నెట్‌వర్కులకు తలా ఒక వరస, మిగతా ప్రపంచమంతటికీ కలిపి ‘డిఫాల్ట్’ అనే వరస ఉంటాయి. అది మొదటి లైను వైపు చూపిస్తుంటే షాపూ హాలూ రెండూ అటే పోతాయి. రెండో లైనుకు కూడా డిఫాల్ట్ రాసినా, మెట్రిక్ (దారికిచ్చే ప్రాధాన్య అంకె) తక్కువ ఉన్నదే గెలుస్తుంది, రెండోది ఊరికే పడి ఉంటుంది.

పాలసీ రౌటింగ్ అంటే ఆ టేబుల్ తెరవకముందే ‘ఎవరిదీ ప్యాకెట్?’ అని అడగడం. మన రైల్వేలో ఇది మామూలే. మౌలాలి నుంచి సనత్‌నగర్‌కు సికింద్రాబాద్ స్టేషన్ మీదుగా ఒక దారి ఉంది, స్టేషన్‌ను తాకకుండా పోయే బైపాస్ లైను ఇంకొకటి. చేరాల్సిన చోటు ఒకటే అయినా, స్టేషన్లో పని లేని గూడ్సుబండిని బైపాస్‌కు మళ్లిస్తారు.

నెట్‌వర్కుల్లో ఈ ఆలోచన కొత్తది కాదు. పాలసీ ఆధారిత రౌటింగ్ నమూనాలను వివరిస్తూ హాన్స్-వెర్నర్ బ్రౌన్ 1989లోనే ఆర్‌ఎఫ్‌సీ 1104 అనే ఇంటర్నెట్ పత్రం రాశాడు. 1999లో వచ్చిన లినక్స్ 2.2తో ఇది మామూలు కంప్యూటర్లకూ అందింది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ, మైక్రోటిక్ రౌటర్ల లోపల ఉన్నది లినక్సే కాబట్టి కింద చెప్పేదంతా, పేర్లు కాస్త మారినా, వాటికీ వర్తిస్తుంది.

ఎలా చేయాలి?

షాపు, హాలు ముందు నిజంగా వేరు నెట్‌వర్కులు కావాలి. వైఫై పేర్లు రెండు పెట్టి లోపల ఒకటే నెట్‌వర్కు ఉంచితే ఇక్కడ లాభం లేదు. షాపుకి 192.168.10.0/24, హాలుకి 192.168.20.0/24 అనుకుందాం. రౌటర్లో రెండో టేబుల్ ఒకటి తెరవాలి. దాని నంబరు 200 అనుకోండి (253, 254, 255 సిస్టమ్ తన సొంతానికి ఉంచుకుంది). అందులో రెండో లైను మీదుగా డిఫాల్ట్ రాయాలి. ఆపైన ఒక రూలు: 192.168.20.0/24 నుంచి వచ్చినవాటికి టేబుల్ 200 చూడు. రెండు లైన్ల మీదా నాట్ (లోపలి అడ్రసును బయటి అడ్రసుగా మార్చేది) ఉందో లేదో చూసుకోవాలి. అంతే, హాలు రెండో లైన్లో పడుతుంది.

చాలామంది ఇక్కడితో లేచి టీకి పోతారు. తిరిగొచ్చేసరికి పైనుంచి కబురు: షాపు ప్రింటర్‌కి ప్రింట్ పోవట్లేదు.

ప్రింటర్‌కు ఏమైంది?

దానికేమీ కాలేదు. దాని అడ్రసు 192.168.10.5. హాలు నుంచి వెళ్లిన ప్యాకెట్ రూలు ప్రకారం టేబుల్ 200కి చేరింది. అక్కడున్నది డిఫాల్ట్ ఒక్కటే, కిందే షాపు నెట్‌వర్కు ఉందన్న సంగతి ఆ టేబుల్‌కి తెలియదు. అందుకని ప్రింట్‌ను కూడా రెండో లైన్లో బయటికి తోసేసింది. బయట 192.168 అడ్రసులకు దారి లేదు, ప్యాకెట్ అక్కడే చచ్చింది. తమాషా ఏమిటంటే, హాలు నుంచి రౌటర్‌కు షాపు వైపున్న అడ్రసుకు పింగ్ చేస్తే చక్కగా పలుకుతుంది. రౌటర్ సొంత అడ్రసులుండే ‘లోకల్’ టేబుల్‌ది ప్రాధాన్యం 0, అన్ని రూల్సుకంటే ముందు దాన్నే చూస్తారు. ఆ పింగ్‌ను నమ్మి జనం ప్రింటర్‌ను విప్పి కూర్చుంటారు.

మందు సులువే. హాలు రూలు కంటే ముందు, అంటే చిన్న ప్రాధాన్య సంఖ్యతో, ఇంకో రూలు పెట్టాలి: 192.168.0.0/16కి పోయేవాటికి ‘మెయిన్’ (మొదటినుంచీ ఉన్న) టేబుల్ చూడు. లోపలి దారులను టేబుల్ 200లోకి నకలు చేసినా పని జరుగుతుంది. కానీ రేపు మూడో నెట్‌వర్కు పెడితే మళ్లీ నకలు చేయడం ఎవరికి గుర్తుంటుంది? రూలే మేలు.

జవాబుల సంగతి?

పోయేదాన్ని మళ్లించడం తేలిక, తిరిగొచ్చే జవాబు దగ్గరే చిక్కు. షాపులోని సీసీటీవీ డబ్బాను బయటినుంచి చూడాలని రెండో లైన్లో పోర్టు తెరిచారనుకోండి. విన్నపం రెండో లైన్లో వస్తుంది. డబ్బా షాపు నెట్‌వర్కులోది కాబట్టి జవాబు మొదటి లైన్లో బయల్దేరుతుంది, అదీ రెండో లైను అడ్రసుతో. తనది కాని అడ్రసుతో వచ్చిన ప్యాకెట్‌ను ఆపేయమని 2000లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2827 సర్వీసు కంపెనీలకు చెప్పింది. అది పాటించే కంపెనీ జవాబును అక్కడే పారేస్తుంది. అందుకని కనెక్షన్ ఏ లైన్లో వచ్చిందో వచ్చినప్పుడే గుర్తు వేసి, జవాబును ఆ గుర్తు చూసి పంపాలి. గుర్తులు వాడితే ప్యాకెట్ సరైన దారిలో వచ్చిందా అని చూసే లినక్స్‌లోని ఆర్‌పీ ఫిల్టర్‌ను కఠినమైన 1 నుంచి 2కి మార్చాల్సి రావచ్చు. లేకపోతే సరైన ప్యాకెట్లనే అనుమానించి పారేస్తుంది. అసలు మీ లైనుకు 100.64తో మొదలయ్యే అడ్రసు ఇచ్చివుంటే ఈ తంటా అంతా వృథా. అది కంపెనీ చాలామందికి కలిపి నడిపే నాట్ వెనకాల ఉండొచ్చు, బయటినుంచి లోపలికి దారే దొరకదు.

రెండో లైను పోతే?

రౌటర్ పోర్టు పూర్తిగా డౌన్ అయితే టేబుల్ 200లోని డిఫాల్ట్ మాయమవుతుంది. అందులో దారి దొరకని ప్యాకెట్లు తర్వాతి రూలు ప్రకారం మెయిన్ టేబుల్‌కి జారతాయి. హాలంతా మళ్లీ షాపు లైన్ మీద పడుతుంది. ఫీజు కట్టే కస్టమర్లు ముఖ్యమనుకుంటే, 200లో పెద్ద మెట్రిక్‌తో ‘అన్‌రీచబుల్’ డిఫాల్ట్ ఒకటి రాయండి. హాలుకు నెట్ ఆగిపోతుంది, షాపు నడుస్తుంది. నేనైతే పగలు షాపు పక్షమే, పరీక్ష ముందురోజు రాత్రి మాత్రం ఆ వరస తీసేస్తాను. అయితే రోడ్డు తవ్వకంలో ఎక్కడో ఫైబర్ తెగి, బిల్డింగులో మోడెం లైట్లు వెలుగుతూనే ఉంటే పోర్టు డౌన్ కాదు, దారి మాయం కాదు. దాన్ని కనిపెట్టడానికి ఆ లైన్ మీదుగా బయటి అడ్రసు ఒకదానికి పింగ్ కొడుతూ, జవాబు రాకపోతే దారి తీసేసే చిన్న స్క్రిప్టు ఉండాలి.