బందరుకోట కథలలోఁ గిరాయిబంటు తుపాకి

బందరుకోట ముట్టడిఁ గథగా వ్రాయువారు కిరాయిబంటు చేతి కెట్టి తుపాకి నీయవలెనో విచారింపవలసియున్నది. తుపాకి తురుష్కపదము, ఫిరంగి ఫ్రాంకుజాతి పేరునుండి పుట్టినది. పేరొక్కటి యైనంత మాత్రమునఁ దుపాకులన్నియు నొక్కటి గావు.

1759లో ఫ్రెంచివారి సిపాయికిఁ జెకుముకితుపాకి తగును. స్వతంత్రుఁడగు బంటు జామగితుపాకిని గోరుటయే సహజము. దాని గొట్టము పొడవు, గురి మేలు. చెడినచోఁ బల్లెటూరి కమ్మరియే బాగుచేయఁగలఁడు. చెకుముకిదానికో, రాయి యరిగినప్పుడెల్ల మార్పవలెను.

అయినను జామగి యనఁగా నిప్పంటించిన త్రాడు. అది వానకాఱును, చీఁకటిలో మెఱయును. కర్నలు ఫోర్డు సేన ఏప్రిలు 7వ తేది రాత్రి బురదనేలఁ దాఁటి కోటపైఁ బడినది. ఆ రాత్రి కావలిబంటునకు జామగి నిచ్చిన రచయిత, యా నిప్పుకణిక శత్రువుల కేల కనఁబడదో చెప్పవలెను.

దండి కాలవిరోధమును దోషములలోఁ జేర్చెను. కాలమనఁగా నాతనికి రేయింబవళ్లును ఋతువులును. దండి యెఱుఁగనిది తుపాకియే కాని, జామగి చిక్కు గాదు! మందుటోపీని సుత్తితోఁ గొట్టి ప్రేల్చెడు తుపాకి నా బంటుచేఁ బట్టించుట మాత్రము వేఱు తప్పు. అది 19వ శతాబ్దమునఁ బుట్టినది.