సముద్రం లేని ఊళ్లో సముద్రం

మచిలీపట్నం, గుడివాడ ప్రాంతాల పిల్లలకు చేపలు కొత్త కాదు. చెరువులో బొచ్చె, శీలావతి తెలుసు. మంగినపూడి ఒడ్డున కెరటాలు తెలుసు. మరి సముద్రానికి సుమారు 400 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో తిమింగల సొర ఈదుతుందంటే నమ్మగలరా?

ఆ ఊరు అమెరికాలోని అట్లాంటా. మన తెలుగువాళ్లు చాలామంది అక్కడ స్థిరపడ్డారు. వేసవి సెలవుల్లో మీరు అక్కడి బంధువుల ఇంటికి వెళ్లారనుకోండి. ఒకరోజు మిమ్మల్ని తప్పకుండా జార్జియా అక్వేరియానికి తీసుకువెళతారు. 2005 నవంబరులో తెరిచిన చేపల ప్రదర్శనశాల అది.

చీకటి గదిలోకి అడుగు పెడతారు. ఎదురుగా గోడంత కిటికీ. అది గాజు కాదు, ఆక్రిలిక్ అనే పారదర్శక ప్లాస్టిక్. మందం రెండు అడుగులు! దాని వెనక సుమారు 2 కోట్ల 40 లక్షల లీటర్ల నీరు. అందులో ఒంటినిండా తెల్లచుక్కలతో నెమ్మదిగా సాగిపోయేదే తిమింగల సొర. ప్రపంచంలోకెల్లా పెద్ద చేప. 2005లో మొదటి జతను తైవాన్ నుంచి విమానంలో తెచ్చారు. మన బంగాళాఖాతంలోనూ ఈ సొరలు తిరుగుతాయి. 2001 నుంచి మన దేశంలో వీటిని వేటాడటం నేరం.

ఇంత ఉప్పునీరు ఎక్కడిది? కుళాయి నీటిలో లవణాలు కలిపి తయారుచేసిందే. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఆ పాళ్లలో ఇంత నీటికి ఎంత కావాలో మీరే గుణించండి. సుమారు 8 లక్షల 40 వేల కిలోలు!

ఉప్పు కలిపితే పని అయిపోయినట్టేనా? కాదు. పేరులో తిమింగలం ఉన్నా ఇది చేపే. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను మొప్పలతో పీల్చుకుంటుంది. అంటే అక్కడి నిపుణులు పగలూ రాత్రీ కాపాడవలసింది ముందుగా నీటిని.

ఈ చిక్కు మన చేపల రైతుకూ తెలుసు. పగలు చెరువులోని సూక్ష్మమైన నాచుమొక్కలు ఎండలో ఆహారం తయారుచేసుకుంటూ ఆక్సిజన్ వదులుతాయి. రాత్రి అవి కూడా ఆక్సిజన్‌నే పీలుస్తాయి. అందుకే తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. పగలంతా మబ్బు పట్టి ఉంటే మరీ ప్రమాదం. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. అప్పుడు రైతు ఆలస్యం చేస్తే నెలల కష్టం ఒక్క రాత్రిలో పోతుంది. నాగాయలంక వైపు రొయ్యల చెరువుల్లో గిరగిర తిరిగే ఏరియేటర్లు చూశారు కదూ? అవి నీటిని చిమ్మి గాలితో కలుపుతాయి.

రెండో శత్రువు అమ్మోనియా. చేపలు దీన్ని మొప్పల ద్వారా వదులుతాయి. మిగిలిపోయిన మేత కుళ్లినా పుడుతుంది. మోతాదు మించితే చేపలకు విషం. దీన్ని ఒక రకం సూక్ష్మజీవులు నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే. మరో రకం సూక్ష్మజీవులు నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. దాని వల్ల హాని చాలా తక్కువ. చెరువు అడుగు మట్టిలో ఈ పని దానంతట అదే జరుగుతుంది. అక్వేరియంలో మట్టి లేదు కనుక, వడపోత యంత్రాల్లో ఈ సూక్ష్మజీవులను పెంచుతారు. కిటికీ ముందు నిలబడిన మీకు అవి కనిపించవు. అవి లేకపోతే సొర బతకదు.

నీటిలో గాలి కరిగి ఉంటుందని ఇంట్లోనే చూడవచ్చు. అమ్మ పొయ్యి మీద నీళ్లు పెట్టినప్పుడు గమనించండి. మరగడానికి చాలా ముందే గిన్నె అంచున చిన్నచిన్న బుడగలు అంటుకుంటాయి. అది నీటిలో కరిగి ఉన్న గాలే. నీరు వేడెక్కిన కొద్దీ గాలి నిలవక బయటపడుతుంది.

మరి మే నెల ఎండల్లో మన చెరువుల్లో చేపలకు ఆక్సిజన్ ఎక్కువ ఉంటుందా, తక్కువ ఉంటుందా? ఆలోచించండి. ఈసారి చెరువు గట్టు మీదికి వెళ్లినప్పుడు అక్కడి రైతును అడిగి చూడండి.